జగిత్యాల ఖిల్లాకు బెర్లిన్‌లో చుట్టం

కరీంనగర్ పక్కన ఎలగందుల కోటకు కాపలా ఎవరో వేరే చెప్పనక్కర్లేదు. మానేరు దగ్గర నిలబడ్డ గుట్టే సగం పని చేసిపెట్టింది, మిగతా సగానికి రాజులు గోడలు కట్టుకున్నారు. జగిత్యాలకు ఆ సుఖం లేదు. ఊరికి ఉత్తరాన ఖిల్లా ఉన్న నేల చదును. గుట్ట లేని చోట కోట నిలవాలంటే లెక్క కావాలి. ఆ లెక్క ఐరోపా నుంచి వచ్చింది.

ఎలగందులను ఏలిన ఇబ్రహీంఖాన్ ధంసా, బిరుదు పేరు జఫరుద్దౌలా, ఈ ఖిల్లాను 1747లో ఫ్రెంచి ఇంజనీర్ల చేత కట్టించాడని గెజెటీరు చెబుతుంది. వాళ్ల పేర్లు జాక్, తాల్ అని, ఆ రెండూ కలిసే ఊరి పేరైందని స్థానికులు చెప్పుకుంటారు. కథ బాగుంది, నేను నమ్మను. తేదీ మీద కూడా నాకో చిన్న అనుమానం. ఫ్రెంచి సేనాని బుస్సీ పటాలంతో నిజాం దర్బారుకు వచ్చింది 1751లో. 1747 నాటికి మొదటి నిజామే ఇంకా బతికి ఉన్నాడు. అయితే పుదుచ్చేరి నుంచి కొలువు వెతుక్కుంటూ విడిగా బయల్దేరిన వాళ్లు లేరనలేం. ఫిరంగి పని తెలిసిన పరదేశికి దక్కన్‌లో ఎప్పుడూ గిరాకీ ఉండేది. విచిత్రమేమిటంటే, ఫ్రెంచివాళ్లు పుదుచ్చేరిలో తమ కోసం కట్టుకున్న ఐదు మూలల కోటను ఇంగ్లీషువాళ్లు 1761లో పట్టుకుని నేలమట్టం చేశారు. ఇంకొకరికి కట్టిపెట్టిన జగిత్యాల ఖిల్లా మాత్రం నిలిచింది.

మా అక్క బిడ్డ బెర్లిన్‌లో ఎమ్మెస్ చదువుతోంది. పుట్టి పెరిగింది కోరుట్లలో. అక్కడి నుంచి జగిత్యాల పాతిక కిలోమీటర్లు. బస్సు కిటికీలోంచి తప్ప ఖిల్లా చూసింది లేదు. ఓ ఆదివారం క్లాసు పిల్లలతో యూ7 మెట్రో ఎక్కి, జిటాడెల్లే స్టేషన్‌లో దిగి, స్పాండావ్ కోట చూసొచ్చి రాత్రి ఫోన్ చేసింది.

"మామా, ఇక్కడ పైనుంచి తీసిన ఫొటో ఒకటి పెట్టిన్రు. మూలలన్నీ మన ఖిల్లా లెక్కనే పొడుచుకొచ్చి ఉన్నయి. మనోళ్లు వీళ్లను చూసి కట్టిన్రా?"

"లేదు బిడ్డా, ఇద్దరికీ గురువు ఇటలీవాడు" అన్నా.

ఆ గురువుగారి కథ 1494లో మొదలవుతుంది. ఫ్రాన్స్ రాజు ఎనిమిదో చార్లెస్ కంచు ఫిరంగులతో ఇటలీ మీద పడ్డాడు. అప్పటిదాకా ఎత్తే గోడకు బలం. ఫిరంగి ముందు అదే లోపమైంది. పొడుగు గోడ మంచి గురి, కూలితే దాని రాళ్లే కందకాన్ని పూడ్చి శత్రువుకు దారి వేస్తాయి. ఇటలీ ఇంజనీర్లు గోడను కిందికి దించారు, లావు పెంచారు, వెనక మట్టి నింపారు. గుండు తగిలితే రాయి పగులుతుంది, మట్టి మింగేస్తుంది. అసలు తెలివి మూలల్లో ఉంది. గుండ్రటి బురుజు పాదం దగ్గర కాస్త జాగా పక్క బురుజు మీది ఫిరంగికి అందదు. శత్రువు అక్కడ నక్కి, గోడ కింద తవ్వి మందు పెడతాడు. బురుజును బాణపు మొనలా కడితే ఆ జాగా మిగలదు, గోడ పొడవునా ప్రతి అడుగూ ఏదో ఒక ఫిరంగి గురిలో ఉంటుంది. ఇలాంటి మూలలన్నీ కలిపితే పైనుంచి చుక్క. ముగ్గులా కనబడే ఆ గీతలన్నీ నిజానికి గుండు పోయే దారులు. ఫ్రాన్స్‌లో వోబాన్ ఈ విద్యను పతాకస్థాయికి తీసుకెళ్లి 1707లో పోయాడు. నలభై ఏళ్లకు అది గోదావరికి ఇవతల, మన సున్నంలో, మన రాతిలో దిగింది.

స్పాండావ్ కోటది ఇంకా పాత పుట్టుక. 1559లో మొదలై 1594లో పూర్తయింది, గీసింది ఇటలీ ఇంజనీర్లే. స్ప్రే నది హావెల్‌లో కలిసే చోట నీళ్ల నడుమ ఉంటుంది. అందులోని జూలియస్ టవర్‌లో 1871 యుద్ధం తర్వాత ఫ్రాన్స్ నుంచి రాబట్టిన సొమ్ములో 12 కోట్ల బంగారు మార్కులు దాచారు. 1945లో సోవియట్ సైన్యం ఈ గోడలను బద్దలు కొట్టే ఖర్చు లెక్కేసుకుని, మాట్లాడేందుకు ఇద్దరు అధికారులను పంపింది. మే 1న కోట పోరు లేకుండా లొంగిపోయింది. నాలుగు శతాబ్దాల నాటి లెక్క ట్యాంకుల కాలంలోనూ ఒక మారణహోమాన్ని ఆపిందన్నమాట. ఇప్పుడది టికెట్టు పెట్టి చూపే మ్యూజియం, వేసవిలో కచేరీల వేదిక.

జగిత్యాలలో ఖిల్లాకు ఇంత వైభోగం లేదు. దానికి నిర్లక్ష్యం ఒక్కటే కారణమనుకోను. ఈ సీమలో భయపెట్టిన గోడలు వేరు. మా తాతల తరానికి కోట అంటే దొర గడీ. వెట్టి చేయించింది గడీ, పంచాయితీ పెట్టి జరిమానా వేసింది గడీ. 1978 సెప్టెంబర్ 7న ఊళ్ల నుంచి రైతుకూలీలు జగిత్యాలకు కదిలిన జైత్రయాత్ర గడీల మీదికే గురిపెట్టింది. అక్టోబర్ 20న ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. చాలామంది దొరలు పట్నాల దారి పట్టారు. ఈ పోరు జ్ఞాపకాల్లో ఖిల్లాకు చోటెక్కడిది?

తర్వాతి పోరు పొట్టకూటిది. బొంబాయి, బొగ్గుబాయి, దుబాయి అన్న మాట ఇక్కడ సామెత కాదు, ఇంటింటి చిరునామా. కోరుట్ల, మెట్‌పల్లి వైపు మగవాళ్లు గల్ఫ్‌కు పోతే, ఆడవాళ్లు ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టి ఇల్లు నెట్టుకొచ్చారు. చెరుకు రైతుకు ఆసరాగా ఉన్న ముత్యంపేట ఫ్యాక్టరీ 2015లో మూతపడింది. సిరిసిల్ల గోస ఇంకోటి. అక్కడ పద్మశాలీలు భీవండికి పోయి మరమగ్గం నేర్చుకున్నారు, దాన్ని వాళ్లు సాంచె అంటారు. యజమాని నూలు బీములు ఇస్తే ఆసామి తన సాంచెల మీద కార్మికుల చేత బట్ట నేయిస్తాడు. పాలిస్టర్ ధర పడితే మొదట కూలి పడుతుంది. అప్పులతో ఉరిపోసుకున్న నేతన్నల ఊరిగా సిరిసిల్ల పత్రికల్లోకి ఎక్కిన ఏళ్లున్నాయి. 2017లో బతుకమ్మ చీరల ఆర్డర్లు వచ్చాక కార్ఖానాల్లో కొంత ఊపిరాడింది, కానీ సర్కారు ఆర్డరు మీద బతికే పరిశ్రమకు ప్రతి ఏడాదీ ఎదురుచూపే. ఇలాంటి ఇళ్ల పిల్లలే ఇప్పుడు బ్యాంకు లోన్లతో బెర్లిన్‌కు, లండన్‌కు పోతున్నారు.

ఇవన్నీ చూడాలనుకునేవాళ్లకు ఒక రోజు చాలు. సిరిసిల్లలో పొద్దున్నే ఏ సందులోకి పోయినా సాంచెల చప్పుడు వినబడుతుంది. వేములవాడ, కొండగట్టు మీదుగా జగిత్యాల చేరండి. గుళ్ల దగ్గర సోమ, మంగళవారాలు రద్దీ, ఆ రోజులు మానుకోవడం మంచిది. ఖిల్లా చుట్టూ కందకం ఉంది. కింద నిలబడితే మాత్రం చుక్క ఆకారం కనబడదు. ఫోన్‌లో ఉపగ్రహ పటం తెరిచి, మీరున్న మూల ఏదో చూసుకుంటూ నడవండి. ఒక మొన దగ్గర ఆగి పక్క మొన వైపు చూస్తే ఇందాక చెప్పిన లెక్క కంటికే అర్థమవుతుంది. పిల్లలుంటే అప్పుడే చెప్పాలి, తర్వాత చెబితే వినరు.

టైముంటే పొలాస కూడా వెళ్లండి. కాకతి రుద్రదేవుడు ఓడించిన మేడరాజు రాజ్యం అది. ఆ గెలుపును 1163 నాటి హనుమకొండ శాసనం చెబుతుంది. ఇప్పుడక్కడ వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది, జగిత్యాల సన్నాలు అనే వరి పుట్టింది అందులోనే. ఎండాకాలమైతే చల్‌గల్ మామిడి మార్కెట్టు దగ్గర కూడా ఆగండి.