కారెనుముల కంచె చెంత ఒక రాత్రి

రాయపూర్ అనగానే మన ఉద్యోగ మిత్రులలో పలువురికి భిలాయి ఉక్కు కొలిమి, కోర్బా బొగ్గు గనులు, దారి పొడవునా సిమెంటు కర్మాగారాల పొగగొట్టాలు గుర్తుకు వస్తాయి. కార్యాలయపు పనుల మీద అక్కడికి వెళ్లివచ్చేవారు తిరుగు రైలు వేళ చూసుకుంటారే తప్ప, ఆ నగరానికి సుమారు వంద కిలోమీటర్ల దూరంలో ఒక మహారణ్యం ఉన్నదని తలచరు. నేనూ చాలాకాలం అట్లాగే వెళ్లి అట్లాగే వచ్చినవాడిని. గత శీతకాలపు సెలవులలో కుటుంబంతో కలిసి ఆ అడవిలో ఒక రాత్రి గడిపే భాగ్యం కలిగింది. చూడవలెనని వెళ్లినదానిని చూడకుండానే తిరిగివచ్చాము. అయినప్పటికీ ఆ ప్రయాణం వృథా కాలేదని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

ఆ అడవి పేరు బార్‌నవాపారా అభయారణ్యం. బార్, నవాపారా అనే రెండు అటవీ గ్రామాల పేర్లు కలిసి ఆ పేరు ఏర్పడింది. 1976లో ఏర్పాటైన ఈ అభయారణ్యం వైశాల్యం సుమారు 245 చదరపు కిలోమీటర్లు. మేము వెళ్లినది అక్కడి అడవి గేదెల కోసం. ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర జంతువు అదే. స్థానికులు దానిని ‘వన్ భైంసా’ అంటారు. మన తెలుగులో దీనికి ‘కారెనుము’ అనే చక్కని పాత మాట ఉన్నది. కారు అంటే అడవి, ఎనుము అంటే గేదె.

ఇక్కడ ఒక భ్రమను తొలగించడం అవసరం. మనం ‘అడవి దున్న’ అని పిలిచేది సాధారణంగా గౌర్ అనే జంతువును. అది ఆవు జాతికి దగ్గరిది. మోకాళ్ల నుండి గిట్టల వరకు తెల్లని మేజోళ్లు తొడిగినట్లు ఉంటుంది, వీపు మీద ఎత్తైన మూపురపు గట్టు ఉంటుంది. కారెనుము వేరు. అది మన ఇంటి గేదెకు సాక్షాత్తు మూలపుటమ్మ. బలిసిన పోతు తొమ్మిది వందల కిలోలకు పైగా తూగుతుంది. పోతుకే కాదు, ఆడదానికి కూడా విశాలంగా చాచిన కొమ్ములు ఉంటాయి. నీరు, బురద, పచ్చగడ్డి లేనిదే అది బ్రతకలేదు.

ఉదయమే రాయపూర్‌లో ఒక కారు మాట్లాడుకుని బయలుదేరాము. ఆరంగ్ దాటగానే మహానది వచ్చింది. శీతకాలం కావడం వలన ఇసుక తిన్నెల మధ్య నీరు పాయలుగా చీలి పారుతున్నది. నది దాటిన తరువాత రహదారి నుండి కొంత లోపలికి వెళ్లి సిర్పూర్‌లో గంటసేపు ఆగాము. భర్త హర్షగుప్తుని స్మృతికై రాణి వాసట ఏడవ శతాబ్దంలో కట్టించిన లక్ష్మణ దేవాలయం అక్కడ ఉన్నది. ఇటుకలతో అంత సున్నితమైన శిల్పం సాధ్యమా అని ఆశ్చర్యం కలుగుతుంది. మళ్లీ రహదారికి వచ్చి పటేవా వద్ద ఎడమకు తిరిగితే అడవి మొదలవుతుంది. టేకు, గుగ్గిలం, నల్లమద్ది, తునికి, ఇప్ప, వెదురు అన్నీ మన ఏజెన్సీ అడవులలో ఎరిగిన చెట్లే. మా శ్రీమతి ఇప్పచెట్టును గుర్తుపట్టి, పుట్టింటివారు ఎదురైనంత సంబరపడింది.

సాయంత్రానికి బార్ గ్రామం వద్ద ఉన్న విశ్రాంతి గృహానికి చేరాము. అక్కడ సామాను దింపుకుంటూనే నేను అడిగిన మొదటి ప్రశ్న, “వన్ భైంసాలను ఎప్పుడు చూపిస్తారు?” మాకు మార్గదర్శిగా వచ్చిన గ్రామ యువకుడు నవ్వి, “అటువైపు వెళ్లడానికి నాకే అనుమతి లేదు సాబ్. మీకెట్లా చూపించను?” అన్నాడు. నాకు నిజంగా కోపం వచ్చింది. ఇంత దూరం వచ్చినది ఎందుకు? పై అధికారులకు చెబితే అనుమతి దొరకదా? నలుగురితో చెప్పుకోవడానికి ఒక్క ఛాయాచిత్రమైనా లేకపోతే ఎట్లా? ఇట్లా సాగాయి నా ఆలోచనలు. మా అమ్మాయి మాత్రం, “నాన్నా, ఆసుపత్రిలో రోగిని చూడడానికి కూడా వేళలుంటాయి కదా!” అన్నది. ఆ మాటకు నా వద్ద సమాధానం లేదు.

ఆ రాత్రి చలిమంట చుట్టూ కూర్చున్నప్పుడు వారి కథ సాగింది. కొంత ఆ యువకుడు చెప్పాడు, కొంత నేను చదివి తెలుసుకున్నాను. అంతా కలిపి క్లుప్తంగా మనవి చేస్తాను.

ఒకప్పుడు మధ్య భారతమంతటా, దక్షిణాన మన గోదావరి పరిసరాల వరకు కారెనుములు మందలుగా తిరిగేవి. వేటగాళ్ల తుపాకులు కొన్నిటిని తీసుకుపోయాయి. పచ్చిక బయళ్లు పొలాలైపోయాయి. ఊరి పశువుల నుండి ముసర వ్యాధి వంటి అంటురోగాలు సోకి మరికొన్ని నశించాయి. ఈ మూడింటి కంటె మెల్లనిది, కంటికి కనబడనిది ఇంకొక ప్రమాదం. అడవికి మేతకు వచ్చే ఊరి గేదెలతో అడవి పోతులు కలవడం వలన జాతి స్వచ్ఛత క్రమంగా కరిగిపోయింది. ఈనాడు ప్రపంచం మొత్తం మీద నాలుగు వేలకు లోపే మిగిలాయని అంచనా. వాటిలో అత్యధిక భాగం అస్సాంలోని కాజీరంగా, మానస్ ప్రాంతాలలోనే ఉన్నాయి. మధ్య భారతంలో మాత్రం బస్తరులోని ఇంద్రావతి, మహారాష్ట్ర సరిహద్దున కోలమార్కా, రాయపూర్‌కు దక్షిణంగా ఉదంతి అడవులు, ఇంతే.

ఆ ఉదంతిలో 2007 ప్రాంతానికి మిగిలినవి కేవలం ఏడు. వాటిలో ఆడది ఒక్కటే! దాని పేరు ఆశ. జాతి మొత్తం భారం ఒక్క ప్రాణి మీద పడిన తరువాత అంతకంటె తగిన పేరు మరొకటి దొరకదు. అటవీ శాఖ, వన్యప్రాణి సంరక్షణ సంస్థ కలిసి దానిని కంచె లోపల ఉంచి కాపాడాయి. అయితే విధి వైచిత్రి చూడండి! ఆశకు పుట్టిన దూడలలో ఎక్కువ భాగం పోతుదూడలే. కారెనుము చూలు మోసే కాలం దాదాపు పది నెలలు, ఈతకు ఒక్క దూడ. లెక్క ఎట్లా చూసినా కాలమే ఎదురు నిలిచింది.

అప్పుడు శాస్త్రజ్ఞులు రంగంలోకి దిగారు. ఆశ శరీరం నుండి తీసిన కణంతో హర్యానాలోని కర్నాల్ జాతీయ పాడి పరిశోధన సంస్థలో క్లోనింగ్ పద్ధతిలో ఒక పెయ్యదూడను సృష్టించారు. 2014 డిసెంబరు 12న పుట్టిన ఆ దూడకు దీపాశ అని పేరు పెట్టారు. 2018లో దానిని నయా రాయపూర్‌లోని జంగిల్ సఫారీకి తీసుకువచ్చారు. అది పెరిగిన తరువాత దాని రూపం చూసి, ఇది కారెనుమా, లేక ముర్రా జాతి ఇంటి గేదెయా అనే సందేహాన్ని కొందరు వెలిబుచ్చారు. శాస్త్రం పుట్టుకను ఇవ్వగలిగింది కాని, మందను ఇవ్వలేకపోయింది.

తరువాతి ప్రయత్నం బార్‌నవాపారాలో జరిగింది. 2020లో, దేశమంతా లాక్‌డౌన్‌లో ఉండగా, అస్సాంలోని మానస్ నుండి ఒక పోతును, ఒక ఆడదానిని లారీలలో ఎక్కించి, రాష్ట్రాలు దాటించి ఇక్కడికి చేర్చారు. 2023లో మరి నాలుగు ఆడవాటిని తెచ్చారు. ఈ పని మీద కూడా ఏకాభిప్రాయం లేదు. అస్సాం వరద మైదానపు జీవికి ఈ పొడి అడవి సరిపడుతుందా? స్వేచ్ఛగా తిరిగిన జంతువును కంచెలో ఉంచడం న్యాయమా? రెండు ప్రాంతాల రక్తం కలిస్తే మధ్య భారత వంశం మిగిలినట్లా, పోయినట్లా? వివాదం ఉన్నత న్యాయస్థానం వరకు వెళ్లింది. ఇరుపక్షాలవారూ ఆ జంతువు మేలు కోరినవారే కావడం ఇందులోని విషాదం.

ఆ మాటలు వింటుండగా ఎప్పుడో చదివిన ఉగాండా దేశపు ద్వీపమొకటి నాకు జ్ఞాపకం వచ్చింది. విక్టోరియా సరస్సులో, ఎంటెబీ పట్టణానికి సుమారు 23 కిలోమీటర్ల దూరంలో ఎన్‌గాంబా అనే చిన్న ద్వీపం ఉన్నది. 1998లో అక్కడ చింపాంజీలకు ఆశ్రయం ఏర్పరిచారు. మాంసం కోసం తల్లులను చంపినప్పుడు, పెంపకానికి అమ్మజూపినప్పుడు పట్టుబడిన అనాథలవి. సుమారు వంద ఎకరాల ఆ ద్వీపంలో దాదాపు యాభై చింపాంజీలు ఉంటున్నాయి. పగలు అడవిలో తిరిగి, సాయంకాలం ఆహారానికీ నిద్రకూ తమ శాలకు అవే వస్తాయి. యాత్రికులు గుడారాలలో రాత్రి బస చేయవచ్చును. చింపాంజీకి ఈత రాదు గనుక సరస్సే అక్కడ ప్రహరీ.

ఆ ద్వీపానికీ ఈ కంచెకూ ఉన్న పోలిక, భేదం రెండూ నన్ను ఆలోచింపజేశాయి. అక్కడ నీరు గోడ. ఇక్కడ నీరే ప్రాణం. అక్కడ అడవి చాలదు గనుక కొత్త పుట్టుకలు లేకుండా ఆడ చింపాంజీలకు గర్భనిరోధక సాధనాలు అమరుస్తారు. ఇక్కడ ఒక్క పెయ్యదూడ పుడితే చాలునని రాష్ట్రమంతా ఎదురుచూస్తున్నది. కాని రెండుచోట్లా ప్రాణి ద్వీపంలోనే ఉన్నది. ఒకదాని చుట్టూ సరస్సు, మరొకదాని చుట్టూ మనం. ఆ కంచె కట్టినది జంతువు బయటకు పోకుండా మాత్రమే అని అనుకున్నాను. మన పశువులు, మన రోగాలు, నా వంటి చూడవచ్చినవారి ఉత్సాహం లోపలికి పోకుండా కట్టినదని ఆ రాత్రి బోధపడింది.

మంట ఆరిపోవచ్చింది. ఏనుగుల మందలు కూడా ఈ అడవికి వస్తుంటాయి గనుక చీకటి పడ్డాక ఆవరణ దాటవద్దని హెచ్చరించారు. ఎక్కడో చుక్కల జింక ఒకటి ఉలికిపడి అరిచింది, దానికి మరొకటి బదులిచ్చింది. ఏ చిరుతపులి కదిలిందో! ఆ తరువాత నిశ్శబ్దం. మన కర్మాగారాలలో రాత్రి పాళీ చేసిన వారికి తెలుసు, యంత్రాల హోరు ఆగిన క్షణంలో చెవులు ఎట్లా గింగురుమంటాయో. ఇదీ అటువంటిదే. ఆ చీకటిలో ఎక్కడో ఒక పెద్ద నల్లని తల్లి నెమరు వేస్తూ పడుకుని ఉంటుందని తలచుకుంటే, చూడలేదన్న చింత మెల్లగా తొలగిపోయింది.

తెల్లవారుజామున మంచులో వాహనం మీద అడవిలోకి వెళ్లాము. చుక్కల జింకలు, ఒక కణితి, మనుబోతు కనిపించాయి. ఒక మలుపులో గౌర్ మంద దారికి అడ్డంగా నిలిచి, మమ్మల్ని తీరిగ్గా పరికించి, తొలగిపోయింది. తిరిగివస్తూ ఒక ఊరి పక్కన ఆగాము. ఒక కుర్రవాడు కర్ర భుజాన వేసుకుని పది ఇంటి గేదెలను చెరువుకు తోలుకుపోతున్నాడు. అవి నీటిలో దిగి ముక్కులు మాత్రమే పైకి పెట్టి కన్నులు మూసుకున్నాయి. మా యువకుడు వాటిని చూపి, “వాటి అక్కచెల్లెళ్లే సాబ్ ఇవి. కాని కలవనివ్వకూడదు” అన్నాడు. ఆ తరువాత కొంచెం ఆగి, అభయారణ్యంలోని కొన్ని ఊళ్లను వెలుపలికి తరలించారనీ, ఆ ఊళ్లలో తన బంధువులదీ ఒకటనీ, కొత్త చోట రోడ్డు, కరెంటు ఉన్నాయి గాని తాత నాటిన చెట్లు లేవనీ చెప్పాడు. అతని గొంతులో నిందలేదు. జంతువు కోసం మనిషి కూడా కొంత వదులుకున్నాడన్న సంగతి, నా వంటి ఒక్క రాత్రి అతిథి మరవరాదు.

ఈ యాత్ర చేయదలచిన మిత్రులకు రెండు మాటలు. వర్షాకాలంలో అభయారణ్యం మూసివేస్తారు. నవంబరు నుండి జూన్ వరకు వెళ్లవచ్చును, శీతకాలం శ్రేష్ఠం. చలి ఎక్కువ గనుక కంబళ్లు, స్వెట్టర్లు తప్పనిసరి. బసను ముందుగా నిర్ణయించుకోవాలి. విశాఖ వైపు నుండి వచ్చేవారికి రాయగడ, టిట్లాగఢ్ మీదుగా వచ్చే రైళ్లు మహాసముంద్ మీదుగానే రాయపూర్ చేరుతాయి. ట్రాన్సిస్టర్లు, పాటల పెట్టెలు ఇంట్లో వదలివెళ్లండి. కంచె వైపు తీసుకువెళ్లమని ఎవరినీ బలవంతపెట్టకండి.

ఇల్లు చేరిన మరునాడు భోజనాల వేళ మా శ్రీమతి గడ్డపెరుగు వడ్డించింది. వేల సంవత్సరాల క్రితం ఎవరో ఒక కారెనుమును మచ్చిక చేసుకుని ఉండకపోతే ఆ పెరుగు మన విస్తరిలోకి వచ్చేది కాదు. తల్లి ఇంట మిగిలినవారిని వేళ్ల మీద లెక్కపెట్టే స్థితి వచ్చింది, కూతురు ఇంటి పాడి మాత్రం పొంగిపొరలుతున్నది. ఆ ఋణం తీర్చుకోవడానికి అడవికి వెళ్లి ఆ తల్లిని చూడనక్కరలేదు. చూడకుండా ఉండగలిగినా చాలును.