బేస్‌బాల్ పట్టికలో అదృష్టం లెక్క

క్రికెట్ చూస్తూ పెరిగిన మనకి బేస్‌బాల్ అర్థం కావడానికి రెండు మూడు సాయంత్రాలు చాలు. బంతి, బ్యాటు, పరుగులు అన్నీ తెలిసినవే. కొత్తగా కనిపించేది అమెరికా వాళ్ళ అంకెల పిచ్చి. ఒక్కో జట్టు ఏడాదికి 162 ఆటలు ఆడుతుంది. ప్రతి బంతికీ లెక్క ఉంటుంది. ఇన్ని లెక్కలున్న చోట మూఢనమ్మకానికి చోటు ఉండదనుకుంటాం. కానీ ఉంది. బాస్టన్ రెడ్ సాక్స్ జట్టు 1918 తరవాత మళ్ళీ 2004 దాకా వరల్డ్ సిరీస్ గెలవలేదు. బేబ్ రూత్‌ని న్యూయార్క్ యాంకీస్‌కి అమ్మేసినందుకు శాపం తగిలిందన్నారు!

శాపం కథ విని నవ్వుకుని వదిలెయ్యొచ్చు. అంకెల వేషంలో వచ్చే నమ్మకంతోనే చిక్కు. అమెరికాలో నా మిత్రుడొకడు ఫోన్‌లో ఆటల పందాలు కాస్తాడు. 2018లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక చాలా రాష్ట్రాలు దాన్ని చట్టబద్ధం చేశాయి. జాతకాలను వెక్కిరించే మనిషే. అయినా "ఈ జట్టు గత 10 ఆటల్లో 8 గెలిచిందిరా, ఊపు మీదుంది" అని డబ్బు పెడతాడు. ఎంత పోయిందో ఇంట్లో చెప్పలేదు.

ఆ ఊపు సంగతి చూద్దాం. అమెరికా పెద్ద లీగుల్లో 30 జట్లున్నాయి. అందరూ ఆట మానేసి నాణెం ఎగరేసి గెలుపు తేల్చుకున్నారనుకోండి. అప్పుడు కూడా ఏ రోజు చూసినా సగటున ఒకటి రెండు జట్లు గత పదిలో ఎనిమిదో అంతకన్నా ఎక్కువో గెలిచి కనిపిస్తాయి. నాణేనికి ఊపు ఎక్కడిది?

అందుకే వాడి కోసం జట్ల పట్టిక ఒకటి తయారుచేశాను. "గత 10 ఆటలు" అన్న గడి తీసేశాను. దాని బదులు మూడు గడులు చేర్చాను.

మొదటిది, చేసిన పరుగులు, ఇచ్చిన పరుగులు. కాన్సాస్‌లో ఒక డబ్బా ఆహారాల ఫ్యాక్టరీకి రాత్రి కాపలా కాసిన బిల్ జేమ్స్ అనే ఆయన ఒక సూత్రం చెప్పాడు. చేసిన పరుగుల వర్గం, ఇచ్చిన పరుగుల వర్గం కలపండి. ఆ మొత్తంతో చేసిన పరుగుల వర్గాన్ని భాగించండి. ఆటల్లో ఎంత వాటా గెలవాలో దాదాపుగా తెలుస్తుంది.

2012లో బాల్టిమోర్ ఓరియోల్స్ 93 గెలిచి 69 ఓడింది. చేసిన పరుగులు 712, ఇచ్చినవి 705. సూత్రం ప్రకారం గెలవాల్సినవి 82. మిగతా 11 ఎక్కణ్ణుంచి వచ్చాయి? ఒక్క పరుగు తేడాతో తేలిన ఆటల్లో ఆ జట్టు 29 గెలిచి 9 మాత్రమే ఓడింది. మేనేజర్ బక్ షోవాల్టర్ తెలివి అనొచ్చు, చివర్లో వచ్చి ఆట ముగించే జిమ్ జాన్సన్ గుండె నిబ్బరం అనొచ్చు. 2013లోనూ అదే మేనేజర్, అదే జాన్సన్. ఒక్క పరుగు ఆటల్లో 20 గెలుపులు, 31 ఓటములు. నిబ్బరం ఒక్క చలికాలంలో ఆవిరైపోయిందా? 2012 అంతా అదృష్టమేనని నేననను. మంచి పిచర్లున్న జట్టు దగ్గరి ఆటల్లో కాస్త ఎక్కువ గెలవొచ్చు. ఆ "కాస్త" ఎంతో తెలియకుండా కథ అల్లడమే తప్పు.

రెండోది, మైదానం. డెన్వర్‌లోని కూర్స్ ఫీల్డ్ సముద్రమట్టానికి సుమారు 5,200 అడుగుల ఎత్తున ఉంది. గాలి పల్చన కాబట్టి కొట్టిన బంతి దూరం పోతుంది, విసిరిన బంతి వంపు తగ్గుతుంది. 2002 నుంచి బంతుల్ని తేమ గదిలో ఉంచుతున్నా పరుగులు ఎక్కువే. కొలరాడో బ్యాటర్ల అంకెల్ని ఈ సంగతి చెప్పకుండా అచ్చేస్తే, కొండెక్కినవాణ్ణి పొడుగరి అన్నట్టే.

మూడోది, యాదృచ్ఛికత ఎంతన్నది. సరిగ్గా సగటు బలమున్న జట్టు 81 గెలవాలి. 162 నాణేల లెక్క వేస్తే ఆరేడు అటూ ఇటూ ఊగడం మామూలే. అంటే 87 గెలిచిన జట్టూ 75 గెలిచిన జట్టూ ఒకే బలంతో ఉండొచ్చు.

పట్టిక చూసి మిత్రుడు "రేపు ఎవడు గెలుస్తాడో ఇందులో లేదే" అన్నాడు. లేదు. అది చెబుతానంటే నాకూ జ్యోతిష్కుడికీ తేడా ఏముంది? పందాలు మానలేదు గానీ, ఇప్పుడు వచ్చినదీ పోయినదీ రెండూ రాసుకుంటున్నాడు. వచ్చినదే గుర్తుంచుకున్నంత కాలం లాభంలో ఉన్నాననుకున్నాడట. ఫలించిన జోస్యాన్నే చెప్పుకునే భక్తులు చేసేదీ ఇదే కదా.

మన ఐపీఎల్ పట్టికలో నెట్ రన్ రేట్ గడిని పాయింట్లు సమానమైతేనే చూస్తాం. ఈసారి నాలుగైదు ఆటలు కాగానే చూడండి. ఎవరు బాగా ఆడుతున్నారో, ఎవరు గట్టెక్కుతున్నారో కొంతవరకు అక్కడే కనిపిస్తుంది.