కొల్లేటి బడికి కొల్లేరే పాఠం

ఊళ్లో చిన్న గవర్నమెంటు హైస్కూలు అనగానే ‘పిల్లలెక్కడున్నారు?’ అంటాం. నాకైతే చదువుకి చోటు అక్కడే ఎక్కువనిపిస్తుంది. క్లాసులో ఇరవై మందే ఉంటే మాస్టారికి ఒక్కొక్కరి ఇల్లూ, ఇబ్బందీ తెలుస్తాయి.

జపాన్‌లో కొబయాషి మాస్టారు 1937లో పాత రైలు పెట్టెల్లో ఇలాంటి చిన్న బడే పెట్టారు. ఆ బడి కథ ‘రైలుబడి’ చదివి ఎంత మురిసిపోయాం! మన లంక గ్రామాల జడ్పీ హైస్కూళ్లకి రైలు పెట్టెలెందుకు, ఎదురుగా కొల్లేరు సరస్సుండగా? బుడమేరు, తమ్మిలేరు నీళ్లు వచ్చి చేరడం, ఉప్పుటేరు మీదుగా సముద్రానికి పోవడం సోషల్ పాఠం. ఆటపాకలో గూడబాతుల గూళ్లు బయాలజీ. చేపల మేత ఖర్చు లెక్కల పాఠం. 2002లో రామ్‌సర్ గుర్తింపు పొందిన సరస్సుని ఎలా కాపాడుకోవాలన్నది పదో తరగతి పిల్లలు వాదించుకోవాల్సిన ప్రశ్న. అక్కడ ఒకరి నాన్న చెరువు సాగు చేస్తాడు, ఇంకొకరి నాన్న వల వేస్తాడు. ఇద్దరి మాటా వినడం నేర్పేదే మంచి బడి.

ఏలూరు, కైకలూరు, తాడేపల్లిగూడెం వైపు పనిచేసే టీచర్ మిత్రులారా! నో బ్యాగ్ డే నాడు ఒక్కసారి పిల్లల్ని కొల్లేటి గట్టుకి తీసుకెళ్లండి. ప్రశ్నలు వాళ్లనే అడగనివ్వండి.