పనికీ షికారుకూ ఒకే బండి

విజయవాడ నుంచి హైదరాబాదు వెళ్ళే జాతీయ రహదారి మీద, కంచికచర్ల దాటి నందిగామ చేరేలోపల కీసర అనే ఊరు వస్తుంది. ఊరి పక్కనే మున్నేరు పారుతుంది. ఈ ఏరు ఖమ్మం మీదుగా వచ్చి, కీసరకు దిగువన కృష్ణలో కలుస్తుంది. కృష్ణాజిల్లా మెట్టప్రాంతమని పెద్దలు చెప్పుకునే ఈ సీమ 2022 నుంచి ఎన్.టి.ఆర్. జిల్లాలో ఉన్నది.

మీరు కీసరలో దిగి చుట్టూ చూడండి. ఎంత కొద్ది దూరంలో ఎన్ని రకాల నేలలు కనిపిస్తవో! కాళ్ళ కింద నున్నని తారురోడ్డు. రోడ్డు దిగితే పత్తీ మిరపా పండే నల్లరేగడి. ఎండాకాలం అది బీటలు వారి రాయిలా ఉంటుంది. ఒక్క వాన పడిందా, మైనంలా కాలికి అంటుకుంటుంది. ఏట్లోకి దిగితే ఇసుక. జగ్గయ్యపేట వైపు పోతే సున్నపురాయి, గులకరాళ్ళ దారులు.

మరి ఈ నేలలన్నిటి మీదా నడిచే బండి ఉంటుందా? పొద్దున పొలంలో పనిచేసి, సాయంకాలం రాళ్ళ దారిన షికారు తిప్పే బండి ఉంటుందా?

పూర్వం మన రైతులకు ఈ ప్రశ్న కొత్తది కాదు. బరువులకు పెద్ద ఎడ్లబండి, ప్రయాణాలకు తేలికయిన సవారీబండి వేరువేరుగా ఉండేవి. రెండూ కొనలేనివాడు ఒకే జత ఎడ్లతో దున్నుకునేవాడు, ఆ ఎడ్లనే బండికి కట్టుకుని పెళ్ళికి పోయేవాడు. అందుకే ఎడ్లను కొనేటప్పుడు పెద్దలు పరుగు చూసి మురిసిపోక, గిట్టలు చూసేవారు, మూపు చూసేవారు, బరువుతో నడిపించి చూసేవారు.

ఇప్పుడు యంత్రాల్లో అలాంటి జంతువు ఒకటి వచ్చింది. దాన్ని ఆల్ టెరైన్ వెహికల్ అంటారు, పొట్టిగా ఏటీవీ. అంటే ఏ నేలమీదనైనా నడిచే బండి అని అర్థం. మోటారు సైకిలుకు ఉన్నట్టు దీనికి చేతిపిడి, గుర్రం మీద కూర్చున్నట్టు కూర్చునే సీటు, నాలుగు లావుపాటి చక్రాలు ఉంటవి. 1970లో జపానుకు చెందిన హోండా కంపెనీ ఇలాంటి బండిని అమెరికాలో అమ్మటం మొదలుపెట్టింది. అప్పుడు దానికి చక్రాలు మూడే. అయితే మూడు చక్రాల బండి మలుపుల్లో తేలికగా బోల్తాపడేది. ఎందరో గాయపడ్డారు, ప్రాణాలు పోగొట్టుకున్నవారూ ఉన్నారు. నాలుగు చక్రాల బళ్ళు 1980 తరవాత వచ్చినవి. 1988లో అమెరికాలో మూడు చక్రాల బళ్ళ అమ్మకం ఆపేశారు.

బురదలో ఎద్దుబండి కూరుకుపోతుంది గదా, ఇది ఎందుకు కూరుకుపోదు? రహస్యమంతా చక్రంలోని గాలిలో ఉన్నది. కారు చక్రంలో గాలి ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు సుమారు రెండు కిలోలు. ఈ బండి చక్రంలో అది అరకిలో లోపే. గాలి తక్కువగా ఉన్న లావు చక్రం నేలమీద చపాతీలా పరుచుకుని, బరువును ఎక్కువ చోటుకు పంచుతుంది. అందువల్ల మూడువందల కిలోల బండి కూడా, ఒంటికాలి మీద నిలబడిన మనిషి నేలను ఎంత నొక్కుతాడో ఇంచుమించు అంతే నొక్కుతుంది. ఎద్దుబండి చక్రానికి ఉన్న సన్నని ఇనప పట్టా కత్తిలా దిగిపోతుంది.

దీన్ని మీరే పరీక్షించవచ్చు. తడి ఇసుకమీద ఒక ఇటుకను పడుకోబెట్టండి, ఇంకొకదాన్ని నిలబెట్టండి. రెండిటి మీదా ఒకే బరువు పెట్టి, ఏది లోతుకు దిగిందో చూడండి.

ఇక ఎన్నిక సంగతి. ఈ బళ్ళలో ముఖ్యంగా రెండు రకాలున్నవి. పరుగు బండి తేలికగా ఉంటుంది, గెంతుతుంది. కాని దానిమీద బస్తా పెట్టే చోటుండదు. పని బండికి ముందూ వెనకా సామాను పెట్టే చట్రాలు, వెనక ట్రక్కు తగిలించే కొండీ, బరువు లాగేందుకు నిదానపు గేరు ఉంటవి. చాలావాటిలో నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందుతుంది. రెండు పనులూ కావాలనుకునేవాడు మధ్యరకం పని బండి తీసుకోవటం మంచిది. ఎందుకంటే పని బండి మెల్లగా షికారు తిప్పగలదు. పరుగు బండి ఎంత తొందరపడినా బరువు మోయలేదు. అయినా దుక్కి దున్నటానికి ట్రాక్టరే కావాలి. మందు కొట్టే పంపు, ఎరువు బస్తాలు, చిన్న ట్రక్కు మట్టుకే దీని వంతు.

రెండో ప్రశ్న రోడ్డు. మన దేశంలో ఇలాంటి బళ్ళు చాలావాటిని రోడ్లమీద నడపటానికి రిజిస్టరు చెయ్యరు. 2021లో పోలారిస్ కంపెనీ తన స్పోర్ట్స్‌మన్ 570 బండిని ట్రాక్టరుగా ఆమోదం పొంది ఇక్కడ అమ్మకానికి తెచ్చింది. కనక కొనేవాడు రంగు చూసేముందు కాగితాలు చూడాలి. కాగితాలు లేని బండి కీసర పొలంలో తిరగవచ్చు గాని, పక్కనే ఉన్న రహదారి ఎక్కకూడదు. మెత్తటి చక్రాలు తారుమీద సరిగా మలుపు తిరగవు కూడా.

మూడో ప్రశ్న, ఎవరు నడుపుతారు? చాలా బళ్ళు ఒక్కరికోసమే చేసినవి. వెనక తమ్ముణ్ణి ఎక్కించుకుంటే బరువు వెనక్కుపోయి, గట్టు ఎక్కేటప్పుడు బండి వెల్లకిలా పడుతుంది. పెద్దల బండి పదహారేళ్ళ లోపు పిల్లలు నడపరాదని తయారుచేసిన కంపెనీలే చెబుతున్నవి. పెద్దలయినా తలకు హెల్మెట్ లేకుండా ఎక్కకూడదు.

అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి మున్నేరు చెబుతుంది. 2023 జులైలో ఈ ఏరు పొంగి, కీసర దాటగానే వచ్చే ఐతవరం దగ్గర రహదారి మీదికే వచ్చింది. విజయవాడ, హైదరాబాదుల మధ్య రాకపోకలు ఆగిపోయినవి. 2024 సెప్టెంబరు మొదట్లో మళ్ళీ వరద వచ్చింది. అలాంటప్పుడు, “ఏ నేలమీదనైనా నడిచే బండి గదా, నీళ్ళలో పోదా?” అని ఎవరికైనా అనిపించవచ్చు. పోదు! బురదలో దాన్ని కాపాడిన ఆ గాలి చక్రాలే వరదలో దానికి శత్రువులవుతవి. బుడగల్లాగా అవి బండిని పైకి తేలుస్తవి. చక్రం నేలను విడిచిందంటే ఇంజనుకు ఎంత బలమున్నా చుక్కాని లేని పడవే. పారే నీరు రెండడుగుల లోతుంటే కార్లనే కొట్టుకుపోతుంది.

బండి పేరులో “ఏ నేలమీదనైనా” అని ఉన్నది గాని, “ఏ నీటిలోనైనా” అని లేదు. ఎడ్లకు ఆ తెలివి పుట్టుకతోనే ఉండేది. పొంగే ఏటిని చూస్తే అవి అడుగు ముందుకు వేసేవి కావు. యంత్రానికి ఆ తెలివి లేదు. అది నడిపేవాడి దగ్గర ఉండాలి.