రెండు కార్బురేటర్లు, పెదనాయన చెవి

మన ఇంటి పాత బండి సంగతి రాయమని చెన్నైలో ఉండే చిన్నత్త పిల్లలు ఎన్నాళ్ళుగానో అడుగుతున్నారు. పొంగలికి దాన్ని మళ్ళీ రోడ్డెక్కించినాము కాబట్టి ఇప్పుడు రాస్తున్నాము. ఇందులో కొంత బండి కథ, కొంత పెదనాయన కథ.

కోయంబత్తూరు చుట్టుపక్కల తెలుగు ఇండ్లల్లో మోటారు పిచ్చి కొత్తది కాదు. 1920లో పొల్లాచ్చి నుంచి పళనికి ఒక్క బస్సు నడిపి మొదలుపెట్టిన జి.డి. నాయుడు గారి ముచ్చట తాత నోట వినని పిల్లలు మన ఇంట్లో లేరు. ఆ పిచ్చిలోనే తాత ఊటీ పక్క ఒక తేయాకు తోట దొర దగ్గర ఈ బండి కొన్నాడు. 1951 ఎం.జి. టి.డి., రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. 1250 సి.సి. ఇంజను, నాలుగు సిలిండర్లు, రెండు ఎస్.యు. కార్బురేటర్లు. తాత తరువాత దాన్ని చూసుకున్నది పెదనాయనే.

ఎస్.యు. అంటే స్కిన్నర్స్ యూనియన్. ఇంగ్లండులో చెప్పుల వ్యాపారం చేసే స్కిన్నర్ల ఇంటి అన్నదమ్ములు పెట్టిన కంపెనీ. మొదట్లో లోపల పిస్టన్ బదులు తోలు తిత్తి ఉండేదట. మన కమ్మరి కొలిమి తిత్తి లాంటిదే అని పెదనాయన నవ్వేవాడు. తరువాత వచ్చిన పిస్టన్ గాలి లాగుడికి పైకి లేస్తుంది. దానికి తగిలించిన సూది జెట్‌లోంచి లేస్తుంది. గాలి ఎంతో పెట్రోలు అంత.

ఒక్కటుంటే సులువే. రెండున్నప్పుడే తంటా. మధ్యలో చిన్న బాలెన్సు గొట్టం ఉన్నా, ముందుది ముఖ్యంగా ఒకటి, రెండు సిలిండర్లకు పెడుతుంది, వెనకది మూడు, నాలుగింటికి. రెండూ సమానంగా గాలి పీల్చకపోతే ఇంజను కుంటుతుంది.

పెదనాయన దీన్ని చెవితో సరిచేసేవాడు. గజం పొడుగు రబ్బరు ట్యూబు, ఒక కొన చెవిలో, ఇంకో కొన కార్బురేటర్ నోటి దగ్గర. "స్స్" అనే శబ్దం రెండింట్లో ఒకే తీరుగా వచ్చేదాకా తిరుప్పుళితో స్క్రూ తిప్పేవాడు. ఊటీకి పోతే ఎత్తు రెండు వేల మీటర్లు దాటుతుంది. గాలి పలచన, పెట్రోలు జాస్తి అవుతుంది. అప్పుడు కొండమీదనే రెండు జెట్ నట్లూ ఒక్కొక్క ముఖం పైకి తిప్పి, దిగి వచ్చినాక మళ్ళీ కిందికి తిప్పేవాడు. ఎక్కడా ఒక్క ముక్క రాసిపెట్టలేదు.

రెండేళ్ళుగా బండి బాగలేదు. ఐడిల్‌లో వణుకు, వాసన, ఎత్తు ఎక్కితే దగ్గు. ప్లగ్గులు తీస్తే ముందు రెండూ సున్నం మాదిరి తెలుపు, వెనక రెండూ బొగ్గు మాదిరి నలుపు. ఊళ్ళో ఒక వర్క్‌షాపులో ఒకసారి సర్వీసు చేయించినాము కాబట్టి వాళ్ళే చెడగొట్టినారని అందరమూ అనుకున్నాము. పెదనాయన రెండుసార్లు సరిచేసినాడు. ఇంకా చెడింది. అమ్మేద్దామనే మాట కూడా వచ్చింది. బెంగళూరు నుంచి ఒకాయన చూసి ధర చెప్పి పోయినాడు.

పోయిన దీపావళికి పెదనాయన ట్యూబు చెవిలో పెట్టుకుని కూర్చుంటే మేము పక్కనే నిలబడినాము. వెనక కార్బురేటర్ శబ్దం దూరంగా ఉన్న మాకే గట్టిగా వినపడుతున్నది. ఆయన తల ఊపి "రెండూ సమం" అన్నాడు. అప్పుడు అర్థమయింది. తప్పు వర్క్‌షాపుది కాదు.

ఎవరము ఏమీ అనలేదు. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషికి ఏమని చెప్తాము? తరువాత చెవి డాక్టరును అడిగితే, వయసుతో సన్న శబ్దాలే ముందు పోతాయి, మాటలు, మోతలు బాగానే వినిపిస్తాయి అన్నాడు. ఇంట్లో మాట్లాడుతుంటే మాకు తెలియకపోవడానికి కారణం అదే.

గాలి కొలిచే మీటరు ఒకటి తెప్పించినాము. కార్బురేటర్ నోటికి ఆనిస్తే ముల్లు నంబరు చూపిస్తుంది. "పిల్లలు నేర్చుకోవాలంట, మీరు చెప్పండి" అని పెదనాయనను కూర్చోబెట్టినాము. ఆయన చెప్పిన వరుసే ఇక్కడ పెడుతున్నాము.

మొదట టాపెట్లు, పాయింట్లు, ప్లగ్గులు, టైమింగు. మ్యానిఫోల్డు గాస్కెట్ దగ్గర గాలి కారకూడదు. పైన మూత విప్పి డంపరులో పలచని నూనె చూడాలి. పిస్టన్ పూర్తిగా ఎత్తి వదిలితే "టక్" అని పడాలి. పడకపోతే జెట్ నడుమ లేదని అర్థం. ఇంజను బాగా వేడెక్కనివ్వాలి. రెండు త్రాటిళ్ళను కలిపే కడ్డీ క్లాంపులు వదులు చెయ్యాలి. ఇది మరిచిపోతే మిగతాది అంతా దండగ. ఐడిల్ స్క్రూలతో గాలి సమం చేసినాకే పెట్రోలు సంగతి.

మీటరు పెట్టినాము. ముందుది 4, వెనకది 7.

పెదనాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూసినాడు. చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత మెల్లగా, "ఎన్నాళ్ళనుంచి రా?" అన్నాడు. మీటరు గురించి అడగలేదని అందరికీ తెలుసు. మా తమ్ముడే, "రెండేళ్ళుంటుంది పెదనాయనా" అన్నాడు.

"చెప్పుండొచ్చు గదరా" అని స్క్రూ అందుకున్నాడు. మేము ముల్లు చదివినాము, ఆయన తిప్పినాడు. రెండూ 5 దగ్గర నిలిచినాయి.

పెట్రోలు పాలు సరిచెయ్యడం మాత్రం మీటరుకు రాదు. సన్న తిరుప్పుళితో పిస్టన్‌ను మిల్లీమీటరు కంటే తక్కువ ఎత్తాలి. ఇంజను వేగం పెరిగి అట్లే ఉంటే జాస్తి, నట్టు పైకి. చచ్చిపోయేటట్టు ఐతే కమ్మి, నట్టు కిందికి. ఒక్క క్షణం లేచి మళ్ళీ పాతదారికి వస్తే సరి. ఒకటి తిప్పితే రెండోది మారుతుంది కాబట్టి మళ్ళీ మళ్ళీ చూడాలి. ఈ మోత మోటుది, పెదనాయనకు బాగా వినిపిస్తుంది. మేము "ఇంకా జాస్తి" అంటే ఆయన "కాదు, కమ్మి" అన్నాడు. ఆయన మాటే సరి అయింది. ఎథనాల్ కలిసిన ఇప్పటి పెట్రోలుకు నట్టు పాత చోటు కంటే ఒక ముఖం కింద నిలిచింది. జెట్ కింది కార్కు బిరడాలు కూడా కారుతుంటే మార్చినాము.

కనుమునాడు మేట్టుపాళయం దాకా పోయి వచ్చినాము. ప్లగ్గులు నాలుగూ బిస్కెట్ రంగు. బెంగళూరాయనకు అమ్మేది లేదని ఫోను చేసినాము. పెదనాయన ఇప్పుడు చెవి మిషను పెట్టుకుంటున్నాడు, ట్యూబు మాత్రం గోడకు మేకు మీద అట్లే వేలాడుతున్నది.

మీ ఇండ్లల్లో కూడా పెద్దవాళ్ళ చేతిలోనే, చెవిలోనే ఉండే పని ఏదైనా ఉంటే, ఇప్పుడే పక్కన కూర్చుని రాసుకోండి. ఎండాకాలం సెలవులకు పిల్లలను పంపండి. మీటరు పట్టుకునేదానికి ఒక మనిషి కావాలి.