అమ్మీ దస్తఖత్

మొన్న అమ్మీని షుగర్ చెకప్‌కు తీసుకుపోయాను. దవాలు రాశాక డాక్టర్ పక్క గదిలోకి పొమ్మన్నాడు. అక్కడ ఒక అమ్మాయి నాలుగు పేజీల కాయితం ముందు పెట్టింది. షుగర్ ఉన్నవాళ్ల కిడ్నీలు ఎలా దెబ్బతింటాయో తహ్‌కీఖ్ చేస్తున్నారట. మూడేళ్లపాటు ఆర్నెల్లకోసారి రక్తం, మూత్రం ఇవ్వాలి. "ఇక్కడ సంతకం పెట్టండమ్మా."

అమ్మీకి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవటం రాదు. ఉర్దూ మాత్రం గడగడా చదువుతుంది. "పఢ్‌కే సునావ్ బేటా" అని కాయితం నా చేతిలో పెట్టింది.

నేను ఉర్దూ మీడియంలో చదివి తెలుగులో డిగ్రీ చేసినవాణ్ణి. మొహల్లాలో నా చేత తర్జుమా చేయించుకోని ఇల్లు లేదు. కానీ "జీవ నమూనాల భావి వినియోగం" దగ్గర ఆగిపోయాను. అది నాకే సరిగ్గా అర్థం కాలేదు. ఉర్దూ కాయితం ఉందా అంటే లేదంది. బయట బెంచీల మీద సగం బురఖాలే! ఉర్దూ మన తెలంగాణకు రెండో అధికార భాష, 2017 నుంచి.

నా ఖౌఫ్ వేరే ఉంది. 2009లో ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు, దాదాపు 14,000 మందికి, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేశారు. చాలామంది గిరిజన పిల్లలు. ఎంతోమందికి అమ్మానాన్నల బదులు హాస్టల్ వార్డెన్లు, హెడ్‌మాస్టర్లు దస్తఖత్ పెట్టారు. కొందరు పిల్లలు చనిపోయాక 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. ఆ మౌత్‌లకు టీకా సబబ్ కాదని విచారణలో తేలింది. రజామందీ తీసుకున్న తీరును మాత్రం 2013లో పార్లమెంటు కమిటీ గట్టిగా తప్పుపట్టింది. మంచి టీకా మీదే జనానికి భరోసా పోయింది.

అట్లాగని వద్దనలేను. నా చిన్నప్పుడు అబ్బాకు టీబీ వచ్చింది. ఇంట్లోనే, మా మధ్యే ఉండి గోళీలు మింగి బాగయ్యాడు. ఒకప్పుడైతే శానటోరియంలో నెలల తరబడి పడి ఉండాల్సిందే. 1956లో మద్రాసులో కొందరు బీద రోగుల్ని శానటోరియంలో, కొందర్ని వాళ్ల ఇరుకు ఇళ్లలోనే ఉంచి, ఏడాదిపాటు అవే దవాలిచ్చి చూశారు. ఇంట్లో ఉన్నవాళ్లూ దాదాపు అంతే బాగయ్యారు. వాళ్ల ఇంటివాళ్లకు మర్జ్ ఎక్కువగా అంటుకోలేదు కూడా. ఆ పేర్లు తెలియని మనుషుల ఎహ్‌సాన్ మా ఇంటి మీద ఉంది.

ఇదంతా నేను ఆలోచిస్తుంటే అమ్మీ సవాళ్లు మొదలుపెట్టింది. మధ్యలో మానేస్తే దవా బంద్ చేస్తారా? చెయ్యరట, కాయితంలోనే ఉంది. కిడ్నీ ఖరాబైతే నాకు చెప్తారా? అమ్మాయి లేచి వెళ్లి డాక్టర్‌ను అడిగొచ్చి, చెప్తామంది. నా ఖూన్ దాచిపెట్టి ఇంకో పనికి వాడతారా? దానికి వేరే గడి ఉంది, వద్దంటే వద్దు.

"ఆజ్ నక్కో. ఘర్‌కు లేకే చల్" అంది అమ్మీ. ఆ అమ్మాయి మొహం చిన్నబోయింది, పాపం.

రెండు రాత్రులు కూర్చుని మొత్తం ఉర్దూలో రాశాను. అమ్మీ చష్మా పెట్టుకుని రెండుసార్లు చదివింది. నా ఇమ్లా తప్పులు కూడా దిద్దింది. వారం తర్వాత వెళ్లి, దాచిపెట్టే గడిలో 'వద్దు' దగ్గర టిక్కు పెట్టించి, ఉర్దూలో దస్తఖత్ చేసింది. రంజాన్‌లో మాత్రం పిలవొద్దని షరతు.

నా తర్జుమా మిగతావాళ్లకూ ఇస్తారా అని డాక్టర్‌ను అడిగాను. ఎథిక్స్ కమిటీ మంజూరు చేయాలట. నఖల్ ఇచ్చి వచ్చాను. ఇంకా జవాబు రాలేదు.