సరదా అందరికీ ఒకటేనా?

నా క్లాసులో ఒక బాబు ఉన్నాడు. రైళ్ల నంబర్లన్నీ నోటికి వచ్చు. గేమ్స్ పీరియడ్ అంటే మాత్రం కడుపునొప్పి అంటాడు. "నలుగురితో ఆడితే అదే అలవాటవుతుందిలే" అని ఒకరోజు నేనే చెయ్యి పట్టుకుని ఖోఖోలో కూర్చోబెట్టాను. వెనకనుంచి వీపు తట్టి "ఖో!" అని అరవగానే చెవులు మూసుకుని నేలమీద ముడుచుకుపోయాడు. పిల్లలందరూ నవ్వారు.

మర్నాడు వాళ్లమ్మగారు వచ్చారు. "వాడికి ఆస్పర్జర్స్ అన్నారు మేడమ్. చెబితే వేరుగా చూస్తారేమోనని దాచాం" అన్నారు. బీఈడీలో ఆటిజం గురించి చదివి పరీక్ష రాసినదాన్నే. ఎదురుగా ఉంటే గుర్తుపట్టలేకపోయాను. ఆవిడ అనుమతితోనే ఇది రాస్తున్నాను.

ఆస్పర్జర్స్‌ను ఇప్పుడు ఆటిజం స్పెక్ట్రమ్‌లోనే కలిపి చెబుతున్నారు. ఇలాంటి పిల్లల్లో చాలామందికి హఠాత్తుగా తగిలే చెయ్యి, అరుపులు, క్షణంలో మారిపోయే ఆట భరించడం కష్టం. బర్త్‌డే పార్టీలో పగిలే బెలూన్లూ, డీజే మోతా అంతే. అది మొండితనం కాదు, పెంపకంలో లోపమూ కాదు.

ఇప్పుడు ఖోఖోకి స్టాప్‌వాచ్ ఆ బాబు చేతిలోనే ఉంటుంది. ఒక్క సెకను తేడా రానివ్వడు. "ఆడతావా?" అని అప్పుడప్పుడు అడుగుతాను. "వద్దు మేడమ్" అంటాడు. సరే అంటాను.

మీ పిల్లలకు ఏది కష్టమో దయచేసి మాకు చెప్పండి. ఆ ఇబ్బంది లేని పిల్లల తల్లిదండ్రులూ ఇంట్లో ఈ మాట మాట్లాడండి. ఆ రోజు నవ్వింది మన పిల్లలే.